ఖాళీ దొరకలేదండి

నరసాపురం
3 ఫిబ్రవరి 2025

నా బంగారు తల్లి ఆశాజ్యోతికి,

నాన్న యెహెజ్కేలు రెండు చేతులూ నీ నెత్తిన పెట్టి దీవిస్తున్నాడు. ఇక్కడ మీ అమ్మా నేనూ దేవుని దయతో తిని తిరుగుతున్నాం.

మొన్న నువ్వు ఫోనులో అమ్మకి చెప్పిన కబురు విన్నప్పటి నుంచి నా కాళ్ళు భూమ్మీద ఆనడం లేదు. జెనీవా! దేశదేశాల వాళ్ళు కూర్చుని ఏ సరుకు మీద ఎంత పన్ను వెయ్యాలో, ఎవరి దగ్గర ఎలా కొనాలో మాట్లాడుకునే సభ! అందులో చేతిపని చేసుకునే చిన్నవాళ్ళ తరఫున మా అమ్మాయి లేచి మాట్లాడడం! ఢిల్లీలో చేతిపనులవాళ్ళ సంఘంలో ఉద్యోగం అన్నప్పుడు ఏదో బుట్టలూ బొమ్మలూ అమ్మిపెడతారు కాబోలు అనుకున్నాను. నా తెలివి అంత. ఎనిమిదో తరగతి చదివి, వశిష్ఠ గోదారి మీద పంటులో జనాన్నీ మోటారు సైకిళ్ళనీ అవతలి గట్టుకి దాటిస్తూ బతికినవాడిని. అలాంటివాడి కూతురు సముద్రాలు దాటుతోంది తల్లీ!

నిన్న ఆరాధన అయ్యాక పాస్టరు గారిని ఒక్క నిమిషం అడిగి లేచి నిలబడ్డాను. ఆ నిమిషం కాస్తా ప్రసంగమంత అయింది. ఆడవాళ్ళ వైపు నుంచి మీ అమ్మ కళ్ళతోనే కూర్చోమంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఇంటికొచ్చాక, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు పేటంతా పంచాను. పక్కింటి వీరవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయితే బాబాయ్ గారూ, మన లేసుకి ప్రపంచమంతా కలిసి ఒక రేటు కట్టేస్తారన్నమాట!" అంది. "మరి? మా అమ్మాయి ఎందుకెళ్తోందనుకున్నావ్?" అన్నాను. కడతారు కదా తల్లీ? నేను మాట ఇచ్చేశాను.

ఇంకో సంగతి. నాన్న నీ పరువు ఎలా నిలబెట్టాడో విను. గురువారం నాడు సర్వే చేసే అమ్మాయి ఒకతె మన పేటకి వచ్చింది. మీ సభ కోసమేనట. "మీ ఇంట్లో ఆడవాళ్ళు ఏం పని చేస్తారండీ?" అని అడిగింది. నాకు చటుక్కున వెలిగింది. జెనీవాలో మాట్లాడబోయే పిల్ల తల్లి షావుకారుకి కూలికి లేసు అల్లుతుందని ఆ దొరలు చదివితే నీకెంత నామోషీ! "మా ఆవిడకి పని చేయాల్సిన ఖర్మేంటమ్మా? ఇల్లు చూసుకుంటుంది. ఊరికే కూర్చోలేక, ఖాళీ దొరికినప్పుడు సరదాకి నాలుగు పువ్వులు అల్లుకుంటుంది" అన్నాను. అబద్ధమా చెప్పు? అన్నం ఉడికేలోగా అల్లుతుంది, పాలవాడి కోసం గుమ్మంలో నిలబడి అల్లుతుంది, టీవీ చూస్తూ అల్లుతుంది, నాతో పోట్లాడుతూ కూడా అల్లుతుంది. సూది ఆగదు. అంత ఖాళీ మనిషి.

అక్కడితో వదిలానా? ఆ పిల్లకంటే ముందే వీధిలో పడి, మిగతా ఇళ్ళ మగవాళ్ళకి కూడా అలాగే చెప్పమని చెప్పాను. అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆడవాళ్ళనే అడుగుతానంది గానీ, వాళ్ళంతా వీరవేణి ఇంటి అరుగు మీద అతుకుపనిలో ఉన్నారు. అదే, విడివిడి పువ్వులన్నీ కలిపి ఒక దుప్పటిలా చేసే పని. షావుకారు ఉదయ్‌భాస్కర్ గారి సరుకు పోవాల్సిన గడువట, తలెత్తే తీరిక లేదు. అందుకని నేనే వాళ్ళని కదపనివ్వలేదు.

మీ అమ్మ మాత్రం నీ కబురు విని, "అక్కడ చలట, స్వెట్టరు ఉందేమో అడగండి" అంది. అంతే. ఆవిడ సంతోషం అంతకంటే పైకి రాదు. ఆ లోటు నేను తీరుస్తున్నాను.

ఫోనులో మాటలు మీ అమ్మవి, ఉత్తరాలు నావి. మన ఫోనుకి కెమెరా లేదు కాబట్టి వీరవేణి దీన్ని తన ఫోనుతో ఫోటో తీసి నీకు పంపుతుంది. నువ్వూ చేత్తో రాసి అలాగే పంపు. టైపు కొట్టిన ఉత్తరం కరెంటు బిల్లులా ఉంటుంది.

పట్టలేని సంతోషంతో,
నాన్న


ఢిల్లీ
12 ఫిబ్రవరి 2025

ప్రియమైన నాన్నగారికి, ఆశాజ్యోతి వందనాలు.

మీ ఉత్తరం ఆఫీసులో భోజనాల వేళ చదివాను. పూతరేకుల దాకా నవ్వుకుంటూ చదివాను. ఆ తర్వాత క్యారేజీ మూసేసి మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ముందు సభ సంగతి చెబుతాను. అక్కడ ఎవరూ లేసుకి రేటు కట్టరు. కొన్ని దేశాలు కలిసి ఒక వాణిజ్య ఒప్పందం రాసుకుంటున్నాయి. చేత్తో చేసిన సరుకు మీద దిగుమతి పన్ను తగ్గిస్తారు. కాకపోతే ఆ సరుకు చేసిన చిన్న ఉత్పత్తిదారుకి న్యాయమైన ధర, సరిపడా గడువు ఇచ్చిన కంపెనీకే ఆ తగ్గింపు. మంచి షరతే. చిక్కంతా ఉత్పత్తిదారు అంటే ఎవరన్న దగ్గర వచ్చింది. ఇప్పుడున్న చిత్తుప్రతిలో షెడ్డుల్లో, కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళ మాటే ఉంది. 'ఇంటి దగ్గర పనిచేసేవారు కూడా' అన్న ముక్క చేర్పించాలని నేను వెళ్తున్నాను. ఆ ముక్క పడకపోతే కంపెనీకి పన్ను తగ్గుతుంది, అమ్మకీ వీరవేణికీ పాత కూలీ, పాత తొందరా మిగులుతాయి.

వాళ్ళు ఇళ్ళల్లో చేసేది కూడా పనే అని చూపించడానికే ఆ సర్వే. నివేదిక నిన్న వచ్చింది. మన పేట గురించి ఇలా రాశారు: 'ఇక్కడి గృహిణులు ఖాళీ సమయంలో వినోదం కోసం లేసు అల్లుకుంటారు.' లేసు కొనే విదేశీ కంపెనీ ఎప్పటి నుంచో అంటున్న మాట కూడా ఇదే. ఇప్పుడు వాళ్ళకి మన మగవాళ్ళ సాక్ష్యం కూడా దొరికింది.

నాకు నామోషీ అనుకున్నారా నాన్నగారూ? నా హాస్టలు ఫీజు ఏ ఖాళీలోంచి వచ్చింది? వరదకి పంటు ఆగిపోయిన నెలల్లో మన పొయ్యి ఏ వినోదంతో వెలిగింది?

కోప్పడుతున్నానని అనుకోకండి. మీరు నా మీద ప్రేమతోనే అన్నారని తెలుసు. సభ మార్చి పద్దెనిమిదిన. ఈలోగా ఇంకో సర్వే జరిపించడం అయ్యే పని కాదు. వేరే దారి ఏదైనా చూస్తాను. ఈ నివేదిక సంగతి మాత్రం అమ్మకి చెప్పకండి. చిన్నబుచ్చుకుంటుంది. అవును, స్వెట్టరు ఉందని చెప్పండి.

మీ
ఆశ


నరసాపురం
24 ఫిబ్రవరి 2025

నా చిట్టితల్లికి,

అమ్మకి చెప్పకండి అన్నావు. తల్లీ, నీ ఉత్తరం నాకంటే ముందు పేటంతా చదివింది! అది వచ్చేది వీరవేణి ఫోనుకి కదా. జెనీవా కబురేమోనని ఆవిడ ఆత్రంగా అరుగు మీద ఆడవాళ్ళందరినీ పోగేసి గట్టిగా చదివేసింది. 'అమ్మకి చెప్పకండి' అన్న చోట ఆగి తలెత్తితే, ఎదురుగా మీ అమ్మే ఉందట, ఒళ్ళో దారపు ఉండతో.

నేను బజారు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏవండీ, నేను అల్లేది వినోదానికా?"

"ఛఛ, ఆ మాట నేననలేదే. సరదాకి అన్నాను."

మీ అమ్మ సూదీ దారమూ బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత నొక్కి, గూట్లో పైకి తోసేసింది. "సరేలెండి. ఖాళీ దొరికినప్పుడు అల్లుతానని చెప్పారుగా. మీ మాట పోనివ్వను. దొరికినప్పుడే అల్లుతాను" అంది.

పది రోజులు దాటింది. ఆ డబ్బా దిగలేదు. పొద్దున్నే షావుకారు గారి ఏజెంటు అమ్మిరాజు మోపెడ్ మీద వచ్చాడు, దారం ఇచ్చి పువ్వులు పట్టుకెళ్ళేవాడు.

"దేవకుమారి గారూ, పువ్వులు అయ్యాయాండీ?" అని మీ అమ్మని అడిగాడు.

"లేదండీ అమ్మిరాజు గారూ. ఖాళీ దొరకలేదండి."

"అదేంటండీ! రోజూ అల్లుతారు కదా?"

"రోజూ ఖాళీగా ఉంటున్నాం అనుకున్నామండి. తీరా చూసుకుంటే లేదు."

వీరవేణిని అడిగాడు. "ఖాళీ దొరకలేదండి." ఆ పక్కింట్లో అడిగాడు. అదే జవాబు, అంతే మర్యాదగా. వీధి చివరి దాకా వెళ్ళి ఒట్టి సంచీతో తిరిగొస్తూ, "మీ పేటకి ఏమైందండీ యెహెజ్కేలు గారూ?" అని నన్ను అడిగాడు. ఏం చెప్పను? అంతా నా నోటి చలవే.

తల్లీ, మీ అమ్మకి నా మీద కోపం వచ్చింది. నాకు తెలుస్తూనే ఉంది. కాఫీలో పంచదార సరిగ్గానే వేస్తోంది, మాటా సరిగ్గానే మాట్లాడుతోంది, అందుకే నాకు భయంగా ఉంది. నువ్వొకసారి ఫోను చేసి సర్దిచెప్పు. ఈలోగా నా వంతు నేను చేస్తాను. ఆవిడకి కావాల్సింది ఖాళీయే కదా? నేనే తెచ్చిపెడతాను! రేపటి నుంచి అంట్లు నావి, నీళ్ళు నావి, చీపురు నాది. ఆవిడ ఖాళీగా కూర్చుని అల్లుకోవడమే. మిగతా ఇళ్ళ మగవాళ్ళకి కూడా చెప్పాను. ముందు నన్ను తిట్టారు, తర్వాత ఒప్పుకున్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ డబ్బాలు గూట్లోనే ఉన్నాయి మరి.

నువ్వేమీ దిగులు పెట్టుకోకు. నీ ప్రయాణం తలుచుకుంటే ఇంత గొడవలోనూ నాకు ఈల వెయ్యాలనిపిస్తోంది.

నాన్న


ఢిల్లీ
4 మార్చి 2025

నాన్నగారికి,

తొందరలో రాస్తున్నాను. అమ్మకి ఫోను చేస్తే "తిన్నావా, పడుకున్నావా" తప్ప ఒక్క మాట రాలేదు. "ఏంటమ్మా ఈ సమ్మె?" అంటే, "సమ్మేంటే, ఎవరన్నారు?" అని ఎదురు అడిగింది.

ఇది చిన్న సంగతి కాదు. అక్కడ పని ఆగిందన్న మాట ఢిల్లీ దాకా వచ్చింది. మా డైరెక్టరు గారు పిలిచి, "నువ్వేమైనా మీ ఊరికి రాశావా?" అని అడిగారు. రాసిన ఉత్తరం ఒకటే, అందులో పని మానమని ఒక్క ముక్క లేదు. కానీ నేనే ఎగదోశానని కంపెనీ వాళ్ళు ఫిర్యాదు చేస్తే మాట్లాడేవాళ్ళ జాబితాలోంచి నా పేరు తీసేస్తారు. అప్పుడు ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళ గురించి అడిగే మనిషే ఆ సభలో ఉండదు.

అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. ఇక్కడ దొరక్కపోతే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది. ఉదయ్‌భాస్కర్ గారిని నేనేమీ అనను, ఆయన మీద ఆ కంపెనీ వాళ్ళ ఒత్తిడి ఉంటుంది. కానీ ఆర్డరు పోతే వీరవేణి పిల్లల మాటేంటి? నా మూలంగా పేట పస్తు ఉండకూడదు నాన్నగారూ. అమ్మని ఒప్పించండి. డబ్బా దింపించండి. మీరు చెబితే వింటుంది.

ఆశ


నరసాపురం
11 మార్చి 2025

నా తల్లీ,

నేను చెబితే వింటుందా! పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ అద్భుతం ఎప్పుడు జరిగిందో నువ్వే చెప్పు.

నీ భయం అర్థమైంది గానీ, ఇక్కడ సమ్మె లేదు, జెండా లేదు, నినాదం లేదు. నీ పేరు ఎవరూ ఎత్తలేదు. ఎవరొచ్చి అడిగినా "అల్లుతామండి, ఎందుకల్లం, ఖాళీ దొరకనివ్వండి" అంటున్నారు. దానికి ఎవరి మీద కేసు పెడతారు? మీ డైరెక్టరు గారికి ఈ ఉత్తరమే చూపించు.

ఇప్పుడు నా సంగతి విను. నేను నీళ్ళు పట్టాను, అంట్లు తోమాను, ఇల్లు ఊడ్చాను, బట్టలు ఆరేశాను, మడత పెట్టాను. ఒకటి అవగానే ఇంకోటి ఎక్కడి నుంచో వచ్చి నిలబడుతోంది తల్లీ! తోమిన గిన్నె తిరిగి చూసేసరికి మళ్ళీ అంట్లలోనే. పంటు ఇంజను కూడా అవతలి గట్టున కాసేపు ఆగేది. ఇది ఆగదే! వంట కూడా చేశాను. అన్నం అడుగంటింది. పప్పుచారు మీ అమ్మ నోట్లో పెట్టుకుని, "బాగుందండీ, రేపు కొంచెం ఉప్పు కూడా వేద్దాం" అంది. ఎదురింటి ప్రసన్నకుమార్ మాస్టారు దుప్పటి ఉతికి పిండలేక నన్ను కేకేశాడు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని పిండుతుంటే వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. నవ్వారు కూడా. నవ్వనీ.

అయితే ఖాళీ వచ్చింది! నిజంగా వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ అమ్మకి చేయడానికి ఏ పనీ మిగల్చలేదు. ఆవిడ చాప పరుచుకుని పడుకుంది.

"దేవకుమారీ, ఖాళీ దొరికిందిగా. అల్లవా?" అన్నాను.

"ఖాళీ అంటే ఇలా ఉంటుందాండీ? బాగుంది" అంది, కళ్ళు తెరవకుండానే.

మర్నాడు రైలెక్కి నిడదవోలు వెళ్ళి చెల్లెలు రెబెక్కాని చూసొచ్చింది. ఇద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారట. ఆఖరుసారి ఎప్పుడు కలిశారో ఇద్దరికీ గుర్తు రాలేదట. తిరిగొచ్చాక ఆవిడ మొహం చూసి, ఇక అల్లవా అని అడుగుదామనుకున్నది అడగలేకపోయాను.

ఆదివారం సాయంత్రం ఉదయ్‌భాస్కర్ గారే కారులో వచ్చారు. వీరవేణి అరుగు ముందు నిలబడి, "అమ్మా, ఎక్కడ అల్లిన పువ్వులైనా అతికేది మీరే కదా, వేసవి సరుకు పోవాలి. అక్కడ కంపెనీవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు" అన్నారు.

వీరవేణి లేచి నిలబడి చేతులు జోడించింది. "అయ్యో షావుకారు గారూ, మా వినోదం కోసం మీరింత తిప్పలు పడడం ఏంటండీ? ఖాళీ దొరగ్గానే కబురు చేస్తాం."

"వాళ్ళకి నన్నేం చెప్పమంటారమ్మా?"

"ఉన్నదే చెప్పండి" అంది మీ అమ్మ. అంతమంది ముందు షావుకారుతో ఆవిడ మాట్లాడడం నేను చూడడం అదే మొదలు. ఆయన నవ్వలేక, కోప్పడలేక కారెక్కారు.

పస్తుల గురించి భయపడకు. వీరవేణి పిల్లలు మన ఇంట్లో తింటున్నారు, నా వంట తట్టుకుంటున్నారు. రెండు వారాలు గడుపుతాం. నువ్వు వెళ్ళి మాట్లాడు తల్లీ. ఏం మాట్లాడాలో నీకు చెప్పేంతవాణ్ణి కాను. నా చేతులు మాత్రం సబ్బుకి ఒరిసిపోయాయి. అది పని కాదని మళ్ళీ ఎవరైనా అంటే ఈ చేతులు చూపిస్తాను.

నాన్న


జెనీవా
19 మార్చి 2025

నాన్నగారికీ అమ్మకీ,

ఈ ఉత్తరం వీరవేణిని అరుగు మీద గట్టిగానే చదవమనండి.

మీ ఉత్తరం డైరెక్టరు గారికి చదివి వినిపించాను. దుప్పటి పిండడం దగ్గర ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నా పేరు జాబితాలోనే ఉంది.

నిన్న సభ. నాకంటే ముందు ఆ లేసు కంపెనీ ప్రతినిధి మాట్లాడారు. మర్యాదస్తుడు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో సరదాగా చేసేదాన్ని ఉత్పత్తి అని ఎలా అంటామని అడిగారు. మన పేట నివేదిక చదివారు. నాన్నగారూ, మీ మాటలు ఫ్రెంచిలో విన్నాను. తల దించుకున్నాను.

ఆ తర్వాత గడువుల మీద చర్చ వచ్చింది. సరుకు ఆలస్యమైతే నష్టం ఎవరు భరించాలన్నది. మళ్ళీ ఆయనే లేచారు. ఈసారి నిజంగా బాధతో, "ఈ వేసవి సరుకే తీసుకోండి. నరసాపురంలో పనివాళ్ళు పని ఆపేశారు. మా దుకాణాలకి ఒక్క బల్లగుడ్డ రాలేదు. నష్టం అంతా మాదే" అన్నారు.

అధ్యక్షురాలు నెరిసిన జుట్టు పెద్దావిడ. మెల్లగా అడిగింది.

"ఏ పనివాళ్ళు?"

"లేసు పనివాళ్ళు."

"సరదాకి అల్లుకునేవాళ్ళు అన్నారే, వాళ్ళేనా?"

ఆయన చేతిలోని నివేదిక వైపు చూశారు. అక్కడ అందరి చెవులకీ అనువాదం వినిపించే పరికరాలు ఉంటాయి. ఒక్కో భాష ఒక్కో క్షణం ఆలస్యం. అందుకని నవ్వు ఒక్కసారిగా రాలేదు. ముందు ఈ మూల, తర్వాత ఆ మూల, వరసలు వరసలుగా వచ్చింది. చివరికి ఆయన కూడా నవ్వేశారు.

నా వంతు వచ్చింది. రాసుకున్న కాగితాలు మూసేశాను. "వాళ్ళు పని ఆపలేదండి. ఖాళీ సమయంలో చేస్తారని మీరు రాశారు కాబట్టి ఖాళీ కోసం ఎదురుచూశారు. దొరకలేదు. మా నాన్నగారు అంట్లు తోమి, నీళ్ళు పట్టి మా అమ్మకి కాస్త ఖాళీ తెచ్చిచ్చారు. ఆ ఖాళీలో ఆవిడ నిద్రపోయింది. చెల్లెల్ని చూసొచ్చింది. ఖాళీ దొరికితే మనుషులు చేసేది అదీ. లేసు కాదు" అన్నాను.

'ఇంటి దగ్గర పనిచేసేవారు కూడా' అన్న ముక్క చిత్తుప్రతిలో చేరింది! కానీ గెలిచేశామని పాస్టరు గారిని నిమిషం అడగకండి. సంతకాలు వచ్చే ఏడాది మాట. ఈలోగా ఎవరి దేశంలో వాళ్ళు అలాంటి పనివాళ్ళని పిలిచి, వాళ్ళ నోటితోనే విని, నియమాలు రాయాలి. మన లేసు వాళ్ళ వంతు ఏప్రిల్‌లో, రాజమహేంద్రవరంలో. పేట తరఫున ఎవరు మాట్లాడాలో మీరే అనుకోండి.

అమ్మా, ఇక్కడ చలి నిజమే. స్వెట్టరు సరిపోలేదు. సంతోషంతో సరిపెట్టుకున్నాను, నాన్నగారి పోలిక.

మీ
ఆశ


నరసాపురం
28 ఏప్రిల్ 2025

దేశాలన్నిటినీ నవ్వించిన నా తల్లికి,

నిమిషం అడగొద్దన్నావు. అడిగాను. ఈసారి పాస్టరు గారే, "యెహెజ్కేలు గారూ, రెండు తీసుకోండి" అన్నారు!

డబ్బాలు దిగాయి తల్లీ. నీ ఉత్తరం వచ్చిన వారానికి ఉదయ్‌భాస్కర్ గారు మళ్ళీ వచ్చి, ఈసారి అరుగు మీద కూర్చున్నారు. "వాళ్ళు నన్ను బిగిస్తే నేను మిమ్మల్ని బిగించానమ్మా. నేను మాత్రం ఏం చేయను?" అన్నారు. మీ అమ్మ మంచినీళ్ళిచ్చి, "ఒక దుప్పటికి ఎన్ని రోజులు పడుతుందో ముందు మమ్మల్ని అడగండి. ఆ తర్వాత వాళ్ళకి గడువు చెప్పండి" అంది. దానికి అక్కడికక్కడే సరేనన్నారు. కూలీ సంగతి కంపెనీతో మాట్లాడుతున్నానన్నారు. కొంత పెరిగింది, ఇంకా పెరగాలి. ఇంట్లో అంట్లు మాత్రం ఇప్పటికీ నావే. నేను తోమాక మీ అమ్మ మళ్ళీ కడుగుతుంది, అది వేరే సంగతి.

రాజమహేంద్రవరం వెళ్ళి మాట్లాడడానికి పేటంతా ఒక్క గొంతుతో మీ అమ్మ పేరే చెప్పింది. ఆవిడ కంగారు పడుతుందని నేను నాలుగు పేజీల ప్రసంగం రాసిచ్చాను. మంచి మంచి మాటలు వేశాను. శుక్రవారం పొద్దున్న చూస్తే ఆ పేజీలతో పులిహోర పొట్లాలు కట్టింది.

రైల్లో వెళ్ళాం. మీ అమ్మ, వీరవేణి, ఇంకా కొందరు ఆడవాళ్ళు, సంచులు మోయడానికి నేను. ఒక ప్రభుత్వ హాలు. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారులు, ఇటు వేరే చేతిపనులవాళ్ళు కూడా. పనివాళ్ళని మాత్రమే లోపలికి పంపి తలుపు వేశారు. నేను బయట చెట్టు నీడకి నిలబడ్డాను. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నా కిటికీలు తెరిచే ఉన్నాయి.

ఒక అధికారి గారి గొంతు వినబడింది. "అమ్మా, మీరు రోజుకి ఎంతసేపు పని చేస్తారు?"

"ఏ పని అడుగుతున్నారండీ?" అంది మీ అమ్మ. "రెండున్నాయి."

తల్లీ, లోపల కాగితం తిప్పిన చప్పుడైంది. "ముందు మీరే చెప్పండమ్మా, రెండూ రాసుకుంటాం" అన్నారాయన. అప్పుడు మొదలుపెట్టింది. పొద్దున్న పొయ్యి నుంచి, దారం తడవకుండా చేతులు తుడుచుకోవడం నుంచి, కళ్ళు మసకబారడం దాకా. మధ్యలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని ఆవిడ అల్లుతుంటే నేను చూశాననుకున్నాను. ఎండలో నిలబడి, కిటికీ అవతల నుంచి, అప్పుడు చూశాను. నా కళ్ళు తడిశాయని రాయడానికి నాకేమీ సిగ్గు లేదు.

భోజనాల గంట కొట్టారు. పులిహోర సంచీ నా చేతిలోనే ఉండిపోయింది. ఇద్దామని గుమ్మం దాకా వెళ్తే కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి పెద్దాయనా, లోపల పనివాళ్ళ మీటింగు. మీరు ఎవరి తాలూకు?"

నరసాపురం రేవులో నన్ను తెలియనివాడు లేడు. పంటు యెహెజ్కేలు అంటే చాలు. ఆశాజ్యోతి తండ్రినని చెబితే ఇంకా గొప్ప. రెండూ నాలుక చివరి దాకా వచ్చాయి. కానీ ఆ పూట ఆ గుమ్మంలో అవేవీ చెప్పాలనిపించలేదు.

"లేసు పనివారు దేవకుమారి గారి తాలూకు అండి. భర్తని."

"ఇందాక మాట్లాడినావిడా? రండి, రండి" అని తలుపు తీశాడు.

నీ నాన్న,
యెహెజ్కేలు